పారకం లేని నీళ్ళు

తలకోన జలపాతం ముందు నిలబడి మా బాపు తలెత్తి చాలాసేపు చూశాడు. చేతికర్రను బండకు ఆనించాడు. మొహం మీద పడ్డ తుంపరను తువ్వాలతో తుడుచుకున్నాడు. అప్పుడడిగాడు.

"దీని కింద ఎంత పారకమున్నదిరా?"

270 అడుగుల పైనుంచి పడుతున్న నీళ్ళు. పక్కన కొత్త జంటొకటి ఫోను కర్రకు తగిలించి, నీళ్ళు తమ వెనక పడేటట్టు నిలబడడానికి తంటాలు పడుతోంది. నేను నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. పారకం లేదంటే, మరి ఇంత దూరం ఎందుకు తెచ్చినవంటాడు. ఉన్నదంటే ఎన్నెకరాలంటాడు.

పారకమంటే, చెరువు కిందో బావి కిందో నీళ్ళు పారి తడిసే భూమి. పుస్తకాల్లో దాన్ని ఆయకట్టు అని రాస్తారు. మా కొడిమ్యాల దిక్కున నీళ్ళు కనబడగానే నోట వచ్చే మొదటి ప్రశ్న అదే. మా మండలంలో పెద్ద నది లేదు. గోదావరి ధర్మపురి కాడికొచ్చి అటునుంచి అటే పోతుంది. మానేరు సిరిసిల్ల దిక్కున ఉన్నది. నడుమ మేము, మా గుట్టలు, చెలకలు, వానను నమ్ముకున్న చెరువులు. పిల్లనిచ్చే ముందు "చెరువు కింద ఎంత, బాయి కింద ఎంత, చెలక ఎంత" అని అడిగే కాలంలో పెరిగినవాడు మా బాపు. చెరువు నిండితే "యాసంగికి గూడ ఢోకా లేదు" అంటాడు తప్ప, ఎంత బాగుందో అనడు. బాగుండడం ఆయనకు కనబడక కాదు. లెక్క ముందొస్తుంది, అంతే.

మేం బయల్దేరింది జలపాతం కోసం కాదు, మొక్కు కోసం. మనుమడి పుట్టువెంట్రుకలు తిరుపతిలో తీయిస్తానని అవ్వ మొక్కుకుంది. వానాకాలం వడ్లు కాంటా అయి, పైసలు ఖాతాలో పడి, యాసంగి నారు ఇంకా పోయని పదిరోజులుంటాయి చూడండి, రైతింట్లో సెలవులంటే అవే. డిసెంబరు మొదట్లో కరీంనగర్‌లో తిరుపతి రైలెక్కాం. బాపు, అవ్వ, చిన్నవ్వ, నా భార్య, పిల్లవాడు, సకినాల డబ్బా.

అలిపిరి దాటి బస్సు ఘాటెక్కుతుంటే అవ్వా చిన్నవ్వా ముందు సీటు కడ్డీ వదలలేదు. పక్క సీట్లో ఎవరో చూసి నవ్వారు. వాళ్ళకేం తెలుసు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు దిగుతూ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్, డబ్బు తిమ్మయ్యపల్లి... అన్నీ మా మండలం ఊళ్ళే. గుట్ట మీద దేవుడుంటాడని మావాళ్ళకు ఎంత నమ్మకమో, మలుపంటే అంత గుబులు. కొండలు చూసొద్దాం పద అనే మాట మా దిక్కున సరదాగా నోట రాదు.

దర్శనమైన మర్నాడు పాపవినాశనం పోయాం. తోవలో, ఈ కొండల చుట్టూ ఉన్నది నేషనల్ పార్కు అనీ, పేరు శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు అనీ, 1989లో చేశారనీ, 353 చదరపు కిలోమీటర్లనీ నాకు తెలిసిన ముక్కలు చెప్పాను. "పార్కు గూడ ఆయన పేరు మీదనేనా" అంది అవ్వ, గుళ్ళో హుండీ చూసినప్పటి గొంతుతోనే. ఏడుకొండలెక్కేవాళ్ళకు పక్కనే అంత అడవి ఉన్నదని గుర్తుండదు. లడ్డూ సంచి బరువు అట్లాంటిది. తెలంగాణలో నేషనల్ పార్కులు మూడున్నాయి. కాసు బ్రహ్మానందరెడ్డి, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాదులోనో దాని అంచునో ఉన్నాయి. పొద్దున నడకకు పనికొస్తాయి కానీ వాటిలో జలపాతం వెతుక్కోవాల్సిన పని లేదు. మాకు దగ్గరి అసలు అడవి గోదావరి అవతలి కవ్వాల్. అది 2012లో పులుల అభయారణ్యమైంది కానీ నేషనల్ పార్కు కాదు. ఇంకా పైకి పోతే కడెం వాగు మీద కుంటాల జలపాతం. పెళ్ళి కాకముందు దోస్తులతో మోటారు సైకిల్ మీద పోయాను. నీళ్ళకన్నా పంక్చరే ఎక్కువ గుర్తున్నది.

పాపవినాశనం బాపుకు మహా నచ్చింది. ఎందుకంటే అక్కడ కట్ట ఉన్నది. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార. తిరుమలకు తాగునీళ్ళిచ్చేవి ముఖ్యంగా ఈ అయిదు జలాశయాలు. పాపాలు కడగాల్సిన నీళ్ళు పైపుల్లో పడి సత్రాల నల్లాల్లోకి వస్తున్నాయి. "అంటే దేవుడు గూడ చెరువు మీదనే బతుకుతున్నడన్నట్టు" అన్నాడు బాపు. కట్ట పొడుగును కళ్ళతోనే కొలిచాడు. తూము ఎక్కడున్నదని అడిగాడు. ఆ పూట ఆయన తన ఊళ్ళో ఉన్నంత ధీమాగా తిరిగాడు.

యాత్రికులు ఈ కొండల్లో నీళ్ళ కోసం తిరగడం పాత సంగతే. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి ఉంటుంది. జనం అడవిలో బండలెక్కి దిగి, ఆ నీళ్ళల్లో మునిగి వస్తారు. అదీ లెక్కే, పుణ్యం లెక్క. రైతు ఎకరాలు చూస్తాడు, భక్తుడు పుణ్యం చూస్తాడు, కొత్త జంట లైకులు చూస్తుంది. కవి ఒక్కడే ఊరికే చూస్తాడనుకునేవాణ్ణి ఒకప్పుడు. తర్వాత నేనూ పత్రికలకు రాయడం మొదలుపెట్టాక ఆ భ్రమ కూడా పోయింది.

తలకోన నా పట్టుదల. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా జీపు మాట్లాడాను. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దిగి నడక. కోతులున్నాయి. మా కొండగట్టు కోతుల ముందు ఇవి బడిపిల్లలు. చెట్ల మీద నుంచి చెట్ల మీదికి పాకిన గిల్లతీగలను చూసి పిల్లవాడు ఊయలన్నాడు. మొసలి తోలులాంటి బెరడున్న చెట్టును చూపించి ఇదే ఎర్రచందనమని చెప్తే, ఇంత సన్నటి చెట్టు కోసమా ఇన్ని కేసులని బాపు ఆశ్చర్యపోయాడు. టన్నుకు ఎంతని కూడా అడిగాడు. అడవి శాఖ మనిషి ఒకాయన అటుగా పోతుంటే నేను బాపు చేయి పట్టుకుని గబగబా నడిపించాను.

అప్పుడొచ్చింది జలపాతం. అప్పుడొచ్చింది ఆ ప్రశ్న.

"అడివికే పారకం బాపూ" అన్నాను చివరికి. తెలివైన జవాబే అనుకున్నాను.

ఆయన చుట్టూ చెట్లను చూశాడు. "మరి శిస్తు ఎవ్వలు గడ్తరు?" అన్నాడు.

ఈ లెక్క మనస్తత్వం మీద నాకు చాలాకాలం చిరాకు ఉండేది. చదువుకున్నవాడి చిరాకు. మా గుట్టలకు కూడా ఇదే గతి పట్టింది కదా. కరీంనగర్ గ్రానైటును టాన్ బ్రౌన్ అని విదేశాల్లో గుర్తుపడతారట. గుట్టను చూసి క్యూబిక్ మీటర్లు లెక్కేసినవాడు దాన్ని బ్లాకులు కోసి ఓడెక్కించాడు. మా చిన్నప్పుడు పశువులు కాసిన బోళ్ళు ఇప్పుడు ఏ దేశంలో ఎవరి వంటింటి గట్టు అయ్యాయో. కొండను ఊరికే చూడగలిగినవాడుంటే అది మిగిలేది కదా అనిపిస్తుంది. ఆ మాట ఒకసారి బాపుతో అన్నాను. "ఊరికే చూసినోళ్ళమే కాదురా మేమంతా! అందుకే పోయింది" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

ఆ రాత్రి తిరుపతి లాడ్జిలో నిద్ర పట్టక నయాగరా కథ చెప్పాను. అమెరికా, కెనడా 1950లో ఒప్పందం రాసుకున్నాయి. ఎగువన నీళ్ళు మళ్ళించి కరెంటు తీసుకోవచ్చు. కానీ జనం చూడవచ్చే కాలంలో పగటిపూట జలపాతం మీద లక్ష క్యూసెక్కులకు తగ్గకుండా వదలాలి. రాత్రయితే, చలికాలమైతే అందులో సగం చాలు.

బాపు మంచం మీద లేచి కూచున్నాడు. మా దిక్కున క్యూసెక్కు ఇంగ్లీషు మాట కాదు. శ్రీరాంసాగర్ గేట్లెత్తినప్పుడల్లా హోటల్ కాడ కూడా వినబడే మాట. "లక్షనా? రాత్రి యాభై వేలా?" అని రెండుసార్లు అడిగి నిర్ధారణ చేసుకున్నాడు. "మరి! ఆడ గూడ నీరటికాడున్నడన్నట్టు."

నీరటికాడంటే చెరువు తూము తీసి మూసి, ఏ మడికి ఎప్పుడు నీళ్ళో చూసే ఊరి మనిషి. ప్రపంచంలోకెల్లా పేరున్న జలపాతానికి ఒక నీరటికాడున్నాడని తెలిశాక మా బాపుకు అమెరికా మీద గౌరవం పెరిగింది. అంత దూరం ఎందుకు, ఆంధ్రా ఒడిశా సరిహద్దులో డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ కరెంటు కేంద్రం 1955 నుంచి నడుస్తోంది. అక్కడ దుమికే నీళ్ళకు ఉద్యోగం దొరికి 70 ఏళ్ళు.

అసలు నీళ్ళ వింతలు చూడడానికి మావాళ్ళు పోరని కాదు. 2019 ఆగస్టులో లక్ష్మీపూర్ గాయత్రి పంప్‌హౌస్ దగ్గరికి జనం ఎట్లా పోయారో గుర్తుంది. భూమిలోపల ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లు, అట్లాంటివి 7. కాళేశ్వరం నీళ్ళు కింది నుంచి పైకి ఉబికి, నురగలు కక్కుతూ కాలువలో పడుతుంటే, తిరునాళ్ళకు పోయినట్టు ట్రాక్టర్లలో పోయారు. బాపు రెండుసార్లు పోయాడు. తర్వాత వరద కాలువలో నీళ్ళను ఎగువకు, శ్రీరాంసాగర్ దిక్కుకు కూడా పారించారు. పల్లానికి పోవాల్సిన నీళ్ళు మిట్టకు పోయాయి. జలపాతానికి పూర్తిగా తలకిందుల సంగతి అది. ఆ నీళ్ళను చూసినప్పుడు మాత్రం బాపు "ఎంత ముద్దుగున్నయిరా" అన్నాడు. ఆయన నోట నీళ్ళకు ముద్దు అనే మాట నేను విన్నది అప్పుడే. కరెంటు బిల్లు ఎంతొస్తుందో ఆ రోజు ఆయన అడగలేదు. లెక్కలు ఎక్కడ వేయాలో అక్కడ వేయలేదన్నమాట. 2023 అక్టోబరులో అదే కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన తర్వాత ఊళ్ళో ఆ మాట ఎత్తితే చుట్ట ముట్టించుకుని బయటికి పోతాడు.

నీళ్ళను లెక్క లేకుండా చూసిన రోజులు ఆయనకు అసలు లేవా అని రైల్లో వచ్చేటప్పుడు తవ్వుకుంటూ కూచున్నాను. గుర్తుకొచ్చింది. మత్తడి.

చెరువు నిండి, కట్టకు ఓ పక్క కట్టిన రాతి గోడ మీదినుంచి నీళ్ళు పొర్లితే మత్తడి దుంకిందంటాం. కోస్తా వాళ్ళు అలుగు పోసిందంటారు. పోయడం వేరు, దుంకడం వేరు. మాటలోనే మా సంబురం తెలుస్తుంది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఓ రాత్రి, వాన ఆగిన తర్వాత, ఊరంతటికీ వినబడే ఒక మోత మొదలైంది. దూరంలో ఎవరో వడ్లు దంచుతున్నట్టు, కానీ ఎడతెగకుండా. బాపు చీకట్లోనే లేచి గొంగడి కప్పుకున్నాడు. "మత్తడి దుంకుతున్నది" అన్నాడు. నన్ను భుజం మీద కూచోబెట్టుకుని పోయాడు.

మేం పోయేసరికి సగం ఊరు అక్కడే. కందిళ్ళు, టార్చిలైట్లు. నడుమెత్తు గోడ మీదినుంచి దుంకుతున్న ఎర్రటి నీళ్ళు. ఆ నడుమెత్తుకే నాకు తల తిరిగింది. నీళ్ళకు ఎదురెక్కే పరకలను పోరగాళ్ళు తువ్వాళ్ళతో పట్టారు, ఓ ముసలాయన తలపాగా విప్పి దాంతోనే పట్టాడు. తెల్లారేసరికి ఆడవాళ్ళు పసుపు కుంకుమలతో వచ్చారు. కట్ట మైసమ్మకు మేకపోతు తెగింది. ఆ పూట ఊళ్ళో కొట్లాటలున్నవాళ్ళు కూడా ఒకే బండ మీద కూచుని నీళ్ళు చూశారు. మా బాపు మధ్యాహ్నం దాకా కదల్లేదు. మాట్లాడలేదు కూడా. ఎంత పారకమని ఎవ్వరినీ అడగలేదు.

అడగాల్సిన పని లేదు మరి. చెరువు నిండింది, లెక్క అయిపోయింది. నిండినదాని మీద పొర్లే నీళ్ళే మా దిక్కున పారకం లేని నీళ్ళు. అవి ఒర్రెలో పడి కింది ఊరి చెరువుకు పోతాయి. అక్కడ నిండితే అక్కడి మత్తడి దుంకి, ఇంకా కిందికి పోతాయి. గొలుసుకట్టు అంటారు దాన్ని. మిషన్ కాకతీయ పెట్టినప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కతేలాయి. వానలు కలిసొచ్చిన ఏడు తెలంగాణలో ఎన్ని వేల చోట్ల నడుమెత్తు జలపాతాలు దుంకుతాయో, వాటికి ఏ టూరిజం బోర్డూ ఉండదు. అవి చూడడానికి టికెట్టు అక్కర్లేదు. కడుపు నిండి ఉంటే చాలు. లేదా నిండబోతున్నదని తెలిస్తే చాలు.

మా తమ్ముడు మస్కట్‌లో ఉంటాడు. మా ఊళ్ళో ఇంటికొకడు దుబాయో మస్కటో పోయినవాడే. ఓ ఏడు ఎండాకాలం ఎల్లి, అక్కడివాళ్ళు ఖరీఫ్ అనే తడికాలంలో, కంపెనీ దోస్తులతో సలాలా పోయి దర్బాత్ లోయ నుంచి వీడియో కాల్ చేశాడు. ఎడారి దేశంలో పచ్చటి కొండలు, మడుగులు, కొండచరియ మీదినుంచి పడే నీళ్ళు. మేమంతా ఫోను చుట్టూ మూగాం. వాడు మాట్లాడకుండా ఫోనును నీళ్ళ దిక్కు తిప్పి అట్లనే పట్టుకున్నాడు. కాసేపటికి "మత్తడి లెక్కనే ఉన్నది గదనే అవ్వా" అన్నాడు. వాడు ఊరొదిలి పోయిన ఏడు చెరువులో క్రికెట్ ఆడారు పిల్లలు.

రైలు కదలికకు నిద్రపోతున్న బాపును చూస్తూ ఇదంతా తలపోశాను కానీ, నిజానికి తలకోనలోనే ఆయన నాకన్నా ముందు అక్కడికి చేరాడు. ఆ సంగతి చెప్పాలి.

శిస్తు మాట తర్వాత ఆయన జలపాతం పక్కనున్న గోడలాంటి కొండ దగ్గరికి పోయి అరచేత్తో రాసి చూశాడు. జీవితంలో నాలుగు బావులు తవ్వించిన మనిషి. "ఇది మన బండ గాదు" అన్నాడు. నిజమే. మా దిక్కుది గ్రానైటు. శేషాచలం కొండల పైపొర క్వార్ట్‌జైట్, ఒకప్పుడు ఇసుకగా పేరుకుని గట్టిపడిన రాయి. తిరుమల ఘాటు దగ్గర ఆ పైరాయీ కింది గ్రానైటూ ఒకదాని మీదొకటి కనబడే చోటును జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. రెంటి నడుమ వయసు తేడా దాదాపు 80 కోట్ల ఏళ్ళని చెప్తారు. ఇవన్నీ నేను చదివినవి. బాపు చదవలేదు. పగుళ్ళలో వేలు పెట్టి చూశాడు. తడి. ఇంకో పగులు. అదీ తడి. నీళ్ళు పడని చోట కూడా రాయి చెమట పట్టినట్టు ఉన్నది.

"వాన ఎప్పుడు వడ్డదే ఈడ?" అని చాయ అమ్మే ఆయన్ని అడిగాడు.

"నిన్నా మొన్నా లేదు పెద్దాయనా. పోయిన నెల్లో బాగా పడినాది."

మాకు వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మా వడ్లు కల్లానికి వచ్చే వేళకు ఇక్కడ ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. కార్తెలు తెలిసిన బాపుకు ఆ తేడా విడ్డూరమనిపించింది. కానీ ఆయన ఆలోచిస్తున్నది వేరే. పోయిన నెల పడ్డ వాన ఇయ్యాల దుంకుతున్నది. మరి నడుమ ఎక్కడున్నట్టు?

తలెత్తి ఆ కొండను, ఈసారి నీళ్ళను కాదు, కొండను, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. పాపవినాశనం దగ్గర కట్టను కొలిచిన చూపే.

"కొండ నిండిందిరా" అన్నాడు.

తర్వాత కర్ర నా చేతికిచ్చి, అంగీ విప్పి, ధోతి పైకి చెక్కి, జనం స్నానాలు చేస్తున్న చోటుకు నెమ్మదిగా దిగాడు. తుంపర కింద కూచున్నాడు. అవ్వ గట్టు మీదినుంచి "సల్లవడ్తది, లేవయ్యా, దగ్గు లేస్తది" అని మూడుసార్లు మొత్తుకుంది. ఆయనకు వినబడలేదు, లేదా వినబడనట్టున్నాడు. కొత్త జంట ఫొటోలు అయిపోయి పోయారు. ఇంకో జంట వచ్చింది. జీపు డ్రైవరు రెండుసార్లు ఫోను చేశాడు. లేచాక ఖాళీ నీళ్ళ సీసా అడిగి, జలపాతం నీళ్ళు పట్టి, మూత బిగించి సంచిలో పెట్టుకున్నాడు. తీర్థమనుకుని అవ్వ కళ్ళకద్దుకుంది.

ఇల్లు చేరిన నాలుగో రోజు యాసంగి నారు పోశాం. దమ్ము చేసిన మడి, మొలక కట్టిన వడ్లు, పొద్దున మంచు. బాపు ఒడ్డు మీద నిలబడి సంచిలోంచి ఆ సీసా తీశాడు. ఇంట్లో దేవుని గూట్లో ఉండాల్సింది ఇక్కడికెట్లా వచ్చిందని అవ్వ అరిచేలోపు మూత తీసి, నారుమడిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు వంచాడు. లీటరు సీసా. మడిలో అప్పటికే నీళ్ళు నిండుగా ఉన్నాయి.

"ఇగ అయింది పారకం" అని ఖాళీ సీసా నా చేతికిచ్చి, వడ్ల గంప ఎత్తుకున్నాడు.